పాట ఫ్రీ అన్నారు సరే, వాయించేవాళ్ళ కూలి ఎవరిస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్ నల్లగొండ పేజీలో పాఠకుల లేఖల్లో ఒకటి చూశాను. మా కాలనీ చివర ఉన్న బార్లో శనివారం సాయంత్రాలు కుర్రాళ్ళు గిటారూ కీబోర్డూ పెట్టుకుని ఫ్రీగా పాటలు పాడుతున్నారని, ఆ మోతకు కాలనీ ఆగమవుతోందని, పోలీసులు వచ్చి వెంటనే బంద్ చేయించాలని రాశారు. రాసిన పెద్దాయన ఎవరో నాకు తెలుసు, మంచివారే, ఎదురుపడితే నమస్తే పెట్టుకుంటాం. ఆయన బాధలో సగం న్యాయం ఉంది. మిగతా సగం గురించి ఎవరూ మాట్లాడడం లేదు కాబట్టి, మీరు చోటిస్తే నాలుగు మాటలు రాస్తాను. పొడుగైతే ఏమనుకోవద్దు, కత్తెర మీ చేతిలోనే ఉంది.

ముందే చెప్పేస్తున్నా, నాది టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, స్టేజి బల్లలు, మైక్ సెట్టు అద్దెకిస్తాను. ఆ బార్లో పిల్లలు నిలబడి పాడే బల్లలు కూడా నావే, వాటి అద్దె నాకు వారం వారం ఠంచనుగా అందుతోంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

అసలు అక్కడ జరిగేది చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. బార్ వెనకాల ఒక పెద్ద రేకుల షెడ్డు ఉంది. బోర్డు మీద గార్డెన్ రెస్టారెంట్ అని రాసి ఉంటుంది గానీ గార్డెన్ అంటే రెండు క్రోటన్ కుండీలు, ఒక నిమ్మచెట్టు, అంతే. ఆ చెట్టు పక్కన బల్లలు వేసి ఏడు గంటలకు మొదలుపెడతారు. మొత్తం అయిదుగురు. కీబోర్డు అబ్బాయి పగలంతా సెల్‌ఫోన్ల షాపులో స్క్రీన్ గార్డులు అతికిస్తాడు. గిటారు అతను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాడు. డోలక్ అతనిది ఆటో, ఆ ఆటోలోనే సామానంతా వస్తుంది. ప్యాడ్స్ కొట్టే అతని నాన్న ఒకప్పుడు మా జిల్లాలో పెళ్ళిళ్ళకు తిరిగిన బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. పాడే అమ్మాయి పీజీ చేస్తోంది. మొదటి గంట పాత సినిమా పాటలు, నిదానంగా. టేబుళ్ళు నిండాక జానపదం. మధ్యలో ఒకటో రెండో వాళ్ళు సొంతంగా కట్టుకున్న పాటలు పాడతారు, అందులో ఒకటి ఫ్లోరైడ్ నీళ్ళ మీద. చిన్నప్పటి నుంచి ఆ నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోయిన మనిషి, పెళ్ళి చూపులకు పోయి కుర్చీలోంచి లేవలేక లేవలేక లేచే పాట అది. ఆ ఫ్లోరైడ్ బాధ ఉన్న మర్రిగూడ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకునే ఒకాయన ఆ పాట మొదలవగానే గ్లాసు కింద పెట్టి, పాట అయిపోయేదాకా పల్లీలు కూడా ముట్టలేదు. ఆ పక్క టేబుల్ వాళ్ళు మాత్రం డ్యాన్సు పాట వేయమని గోల, అది వేరే సంగతి.

ఇక మోత సంగతి. చట్టం ఏమంటుందో పెద్దాయన లేఖలో లేదు, బార్ ఓనరుకు చెప్పినవాళ్ళూ లేరు, మాది రోజూ మైకులతో పని కాబట్టి నేను చెప్తాను. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం మైక్ పెట్టాలంటే రాతపూర్వకంగా పర్మిషన్ ఉండాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు, నాలుగు వైపులా మూసిన హాలు అయితే తప్ప, మైక్ పెట్టకూడదు. ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. దుకాణాలుండే చోట పగలు 65, రాత్రి 55. ఎవరి సొంత జాగాలో వాళ్ళు సౌండ్ పెట్టుకున్నా, ఆ జాగా ప్రహరీ దగ్గర కొలిస్తే ఆ ఏరియా లిమిట్ కన్నా 5 డెసిబెల్స్ మించకూడదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దాకా వస్తుంది కాబట్టి, నిజంగా మీటరు పట్టుకుని తిరిగితే మా కాలనీలో కుక్కల మీద కూడా కేసులు పెట్టాలి. కానీ రూలు రూలే. మా బార్ షెడ్డుకు రెండు వైపులే గోడలున్నాయి, దాన్ని మూసిన హాలు అనలేం, కాబట్టి పది దాటాక ఒక్క పాట పాడినా తప్పే. పెద్దాయన చెప్పినట్టు ఒకట్రెండుసార్లు పదిన్నర దాకా సాగింది, ఆ మాట నిజం. పదికి ఆపాలి, అందులో వాదన లేదు.

అయితే ఆ మోత పాట వల్ల వచ్చింది కాదు, సెట్టు పెట్టిన తీరు వల్ల వచ్చింది. ఒకే పెద్ద బాక్సు మూలన పెట్టి మొహం కాలనీ వైపు తిప్పారు. రేకు కింద సౌండ్ పైకి పోయి కిందికి, కిందికి వచ్చి పైకి కొట్టుకుంటుంది, మాట ముద్దయిపోతుంది, మాట తెలియడం లేదని పాడేవాళ్ళు వాల్యూమ్ పెంచుతారు, పెంచినకొద్దీ ఇంకా ముద్దవుతుంది. మైకు బాక్సుకు ఎదురుగా వస్తే కూత మొదలవుతుంది. మా లైన్లో పని నేర్చుకునే పిల్లలకు మొదటి వారంలో చెప్పే పాఠం ఇది. పెద్ద బాక్సు తీసేసి రెండు చిన్న స్పీకర్లు టేబుళ్ళకు దగ్గరగా, తల ఎత్తులో, మొహం బార్ గోడ వైపు ఉండేలా పెడితే సగం వాల్యూమ్‌కే లోపల వాళ్ళకు మాట మాట వినిపిస్తుంది. బేస్ బాగా తగ్గించాలి, ఎందుకంటే గోడలు దాటి మంచం దాకా వచ్చేది అదే, పాడే గొంతు అంత దూరం రాదు. పైన రేకులకు గోనెపట్టాలో పాత పరదాలో వేలాడగడితే ప్రతిధ్వని తగ్గుతుంది. దీనికి ఖర్చు పెద్దగా లేదు, ఒక పూట పని.

ఇంకో మాట కూడా అనాలి. పెద్దాయన లేఖలో బరాత్ డీజేల ఊసే లేదు. మాఘమాసం వచ్చిందంటే గడియారం సెంటర్ నుంచి రామగిరి దాకా ట్రాలీల మీద బాక్సులు పేర్చుకుని పోతుంటే కిటికీ అద్దాలు గలగలమంటాయి, గుండె జబ్బున్నవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంటారు, అప్పుడు ఎవరూ పేపర్‌కి రాయరు, ఎందుకంటే ఆ పెళ్ళి మనదో మన చుట్టాలదో అయి ఉంటుంది. హైదరాబాద్‌లో 2024 అక్టోబర్‌లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు పెట్టొద్దని పోలీసులు నిషేధం పెట్టారు. నా గోదాములో కూడా డీజే బాక్సులు ఉన్నాయి, అబద్ధమెందుకు, పెళ్ళివాళ్ళు అడుగుతారు, నేను లేదంటే పక్క షాపుకు పోతారు. కానీ నలుగురు మనుషులు చేత్తో వాయించి నోటితో పాడితే బంద్ చేయించమని, పెన్‌డ్రైవ్ గుచ్చి వీధంతా వణికిస్తే సర్దుకుపొమ్మని అంటే ఎట్లా?

మోత గురించి ఇంతే. ఇప్పుడు నేను రాయాలనుకున్న అసలు సంగతికి వస్తాను.

శనివారం రాత్రి ఆ బార్లో డబ్బులు అందనిది ఎవరికో చూడండి. ఐస్ తెచ్చే అతనికి అందుతాయి. పల్లీలు, గుడాలు, బోటి తెచ్చిచ్చేవాళ్ళకు అందుతాయి. కరెంటు బిల్లు కడతారు. జనరేటర్‌లో డీజిల్ పోస్తారు. వెయిటర్లకు జీతం కాక టిప్పు ఉంటుంది. నా బల్లలకు, చెక్క బల్లలకు, అద్దె ఉంది. బల్లల మీద నిలబడి మూడు గంటలు వాయించినవాళ్ళకు ఏమీ లేదు. పది గంటలకు తలా ఒక చికెన్ బిర్యానీ, కూల్‌డ్రింక్ ఇచ్చి థాంక్స్ బ్రదర్ అంటారు. ఇది ఈ ఒక్క బార్ సంగతి అనుకోవద్దు, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ వైపు వాయించే పిల్లలతో మాట్లాడితే వాళ్ళూ అదే చెప్పారు. హైదరాబాద్ పబ్బుల్లో అయితే డబ్బులిస్తారు గానీ అక్కడికి వంద కిలోమీటర్లు, రాత్రి ఒంటిగంటకు పాట అయ్యాక బస్టాండులో సామాను మీద తల పెట్టుకుని పొద్దున బస్సు దాకా పడుకోవాలి, వచ్చిన దాంట్లో సగం దారి ఖర్చులకే సరి.

బార్ ఓనరుని అడిగాను, నాకు చనువుంది కాబట్టి. ఆయన జవాబు ఆయనకుంది. "అన్నా, నేను స్టేజి ఇస్తున్నా. వాళ్ళకు ఊళ్ళో పేరొస్తుంది, పెళ్ళి ఆర్డర్లు వస్తాయి. వాళ్ళే వచ్చి ఫ్రీగా వాయిస్తామన్నారు, నేను పిలవలేదు." ఇది పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు. ఆ పిల్లలకు ఒక రిటైర్మెంట్ ఫంక్షను, ఒక పుట్టినరోజు అక్కడ చూసినవాళ్ళ ద్వారానే వచ్చాయి. పైగా ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం, ఇవన్నీ పోతే సంగీతం మీద బతికేవాళ్ళకు ఏడాదిలో పని ఉండేది ఎన్ని నెలలు? ఖాళీ నెలల్లో చేతులు తుప్పు పట్టకుండా ఎక్కడో ఒక చోట వాయించాలి, ఇంట్లో వాయిస్తే పక్కింటివాళ్ళు ఊరుకోరు. అందుకే వాళ్ళంతట వాళ్ళే పోయి అడిగారు. అడిగారు కదా అని ఊరికే వాయించుకోవడమేనా?

పేరొస్తుంది అన్నారు కదా, ఆ పేరు ఎంత వస్తుందో ఫ్లెక్సీ చూస్తే తెలుస్తుంది. గేటు పక్కన పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పైన "లైవ్ మ్యూజిక్ ఫ్రీ ఫ్రీ ఫ్రీ", మధ్యలో తందూరీ చికెన్ ఫోటో, ఒక పక్క నెట్‌లోంచి దించిన ఎవరో విదేశీయుడు గిటారు పట్టుకున్న బొమ్మ, కింద బార్ ఫోన్ నంబరు. వాయించేవాళ్ళ పేరు లేదు, ఫోటో లేదు, ఆర్డర్ ఇవ్వాలంటే చేయడానికి వాళ్ళ నంబరు లేదు. వీడియోలు తీసి రీల్స్ పెడుతున్నారు, వాటిలోనూ అంతే. ఎవరైనా పాడిన పాటని రికార్డు చేసి వాడుకోవాలంటే పాడినవాళ్ళని అడగాలని మన కాపీరైట్ చట్టంలోనే ఉంది, కళాకారుడి హక్కు అంటారు దాన్ని. ఆ పిల్లలకు ఆ సంగతి తెలియదు, తెలిసినా ఎవరినడుగుతారు.

ఆ చట్టంలోదే ఇంకొకటి, ఇది ఓనర్ల కోసం. సినిమా పాట బార్లో పాడిస్తే, పెళ్ళిలో పాడినట్టు ఊరికే కుదరదు. పెళ్ళికి, దేవుడి కార్యాలకు చట్టం మినహాయింపు ఇచ్చింది, వ్యాపారానికి ఇవ్వలేదు. పాట రాసినవాళ్ళ, ట్యూన్ కట్టినవాళ్ళ తరఫున ఐపీఆర్ఎస్ అనే సంస్థ లైసెన్సు ఇస్తుంది, ఆ ఫీజు కట్టాల్సింది బార్ వాళ్ళు. 2012 సవరణ తర్వాత రాసినవాళ్ళకు రాయల్టీ హక్కు ఇంకా గట్టిపడింది. తాతల కాలం నుంచి వస్తున్న జానపదానికి, పిల్లలు సొంతంగా కట్టుకున్న పాటకు ఈ బాధ లేదు. కాబట్టి లెక్క తెలిసిన ఓనరయితే సొంత పాటలు ఎక్కువ పాడండిరా అని ఇంకో వంద చేతిలో పెట్టాలి.

డబ్బుల లెక్క కూడా కష్టమైనదేమీ కాదు. ఆ షెడ్డులో పాతిక టేబుళ్ళున్నాయనుకోండి. శనివారం ఒక్కో టేబులు రెండుసార్లు నిండితే 50 బిల్లులు. బిల్లుకు 50 రూపాయల చొప్పున ఓనరు తన లాభంలోంచి పక్కన పెడితే 2,500. అయిదుగురికి తలా 500. గిటారుకు మంచి తీగల సెట్టు ఒకటి వస్తుంది, లేదా ఆటోలో పెట్రోలుకు వస్తుంది. గొప్పేమీ కాదు, మేస్త్రీ దగ్గర ఇటుకలు మోసినా అంతకన్నా ఎక్కువ ఇస్తారు. కానీ సున్నాకీ అయిదు వందలకీ చాలా తేడా ఉంది. కస్టమరు బిల్లులో బలవంతంగా కలపమని నేను అనడం లేదు, సర్వీస్ చార్జి అట్లా కలపొద్దని 2022లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. పాట ఉన్న రోజు జనం తొందరగా లేవరు, ఇంకో బీరు, ఇంకో ప్లేటు కబాబు చెప్తారు, గల్లాపెట్టె నిండేది అందుకే. ఆ నిండిన దాంట్లోంచే ఇమ్మంటున్నా.

కొందరు కుర్రాళ్ళు అంటున్నారు, ఫ్రీ మ్యూజిక్ అనేది సిటీ కల్చర్, మన ఊరికి కొత్తగా వచ్చింది, మొదట్లో ఇట్లాగే ఉంటుంది అని. ఏం కొత్త? మన జిల్లాల్లో పాటకు టికెట్ పెట్టింది ఎప్పుడు? ఒగ్గు కథకు టికెట్ ఉందా, చిందు భాగోతానికి ఉందా, బుర్రకథకు ఉందా? ఊరంతా గొంగళ్ళు పరుచుకుని తెల్లవార్లూ ఊరికే చూసేవాళ్ళు. చూసేవాళ్ళకు ఊరికే, ఆడేవాళ్ళకు కాదు. ఒగ్గువాళ్ళకు గొల్ల కురుమలు, చిందువాళ్ళకు మాదిగలు, పటం చూపించి కథ చెప్పే కూనపులివాళ్ళకు పద్మశాలీలు, ఇట్లా ఎవరి కథకు ఎవరు పెట్టాలో ఊళ్ళో ముందే కట్టు ఉండేది. పంట ఇంటికొచ్చే వేళకు గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళు, అది దానం అనుకునేవాళ్ళు కాదు, వాళ్ళ హక్కు అనుకునేవాళ్ళు, ఇవ్వకపోతే ఇంటిముందుకొచ్చి అడిగి మరీ తీసుకునేవాళ్ళు. ఆ కట్టులో కులం బరువు కూడా ఉంది, నేనేమీ పాతదంతా బంగారం అనడం లేదు, ఆ కళాకారులని ఊరు ఎక్కడ కూర్చోబెట్టేదో అందరికీ తెలుసు. అయినా, వాయించినవాడి కడుపు సంగతి ఊరు చూసుకోవాలి అన్న బుద్ధి ఉండేది.

ఇక చదివింపులు. కథ మంచి రసపట్టులో ఉండగా ఎవరో ఒకరు లేచి పోయి నోటు చేతిలో పెడతారు, డోలు దెబ్బ ఒకటి పడుతుంది, కథ ఆపి "ఫలానా వారు మాకు చదివించిన నూట పదహార్లు, వారి ఇల్లు సల్లగుండ" అని దీవిస్తారు, మళ్ళీ కథ. అది చూసి ఇంకొకరికి రోషం వచ్చి నూట పదహార్లు రెండు వందల పదహార్లవుతుంది. పెద్దగట్టు జాతరకు పోయినవాళ్ళకు, చెర్వుగట్టుకు పోయినవాళ్ళకు ఇవన్నీ చెప్పక్కర్లేదు. మా బార్లో ఆ సంబరం ఎందుకుండకూడదు? స్టేజి పక్కన ఒక డబ్బా పెట్టి, దాని మీద చదివింపులు అని రాసి, ఫోన్‌తో కొట్టేవాళ్ళకు ఒక క్యూఆర్ కోడ్ అతికించి, పాటకూ పాటకూ మధ్య ఇచ్చినవాళ్ళ పేర్లు మైకులో చదవండి. మనవాళ్ళకు మైకులో పేరు వినపడితే ఎంత ఇష్టమో నాకన్నా ఎవరికీ తెలియదు, పెళ్ళిళ్ళలో కట్నాలు చదివే మైకు నాదే. అయితే ఒక షరతు, డబ్బా తాళం బ్యాండువాళ్ళ దగ్గరే ఉండాలి.

డబ్బులతో పనేంటి, కళ కళే అనేవాళ్ళకు మా వైపు మనిషిని ఒకరిని గుర్తు చేస్తాను. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య గారికి పన్నెండు మెట్ల కిన్నెర వాయించినందుకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఢిల్లీలో రాష్ట్రపతి చేతుల మీదుగా తీసుకున్నారు, ఊరూరా ఫ్లెక్సీలు కట్టాం. 2024లో ఆయనే ఇల్లు కట్టే చోట కూలి పనికి పోతున్నారని పేపర్లలో, టీవీల్లో ఫోటోలతో సహా చూశాం. అదే 2024లో నారాయణపేట జిల్లా నుంచి బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప గారికి పద్మశ్రీ ఇచ్చారు. సన్మానాలకు శాలువాలు కొనడంలో మనం ఎప్పుడూ వెనకపడలేదు. శాలువా కన్నా ముందు, వాయించిన రోజున, వాయించిన చోట కూలి ఇచ్చే అలవాటే మనకు లేదు. ప్యాడ్స్ కొట్టే అబ్బాయి నాన్న క్లారినెట్ ఎందుకు వదిలేశాడు? డీజేలు వచ్చి బ్యాండు మేళం బేరాలు పోయాయి, వచ్చిన ఒకటీ అరా పెళ్ళిలో కూడా తిండి పెట్టి, మిగతాది తర్వాత చూద్దాం అన్నారు. ఎర్రకోటు ఇంకా ఇంట్లోనే ఉందట, కొడుకుని మాత్రం ఈ లైనులోకి రావద్దంటాడు. కొడుకు వినడు.

పాడే అమ్మాయి గురించి కూడా రాయాలి, లేఖలో పెద్దాయన "ఆడపిల్లల్ని బార్లో పాడిస్తున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ అమ్మాయి వాళ్ళ నాన్నతో కలిసి బండి మీద వస్తుంది. ఆయన ముందు టేబుల్ దగ్గర ఒక నిమ్మకాయ సోడా పెట్టుకుని పది దాకా కూర్చుంటాడు, పాట వింటున్నట్టే ఉంటాడు గానీ కళ్ళు జనం మీదే. ఒకసారి ఒకడు తాగి వచ్చి నోటు చూపించి స్టేజి ఎక్కబోతే, ఈయన లేచేలోపే డోలక్ అతను వాయిస్తూనే కాలు అడ్డం పెట్టాడు, వెయిటర్లు వచ్చి పట్టుకుపోయారు. ఇట్లాంటివి జరక్కుండా చూడడం ఓనరు బాధ్యత, స్టేజికీ టేబుళ్ళకీ మధ్య ఒక తాడు కట్టించి మనిషిని నిలబెట్టాలి. అంతేగానీ అమ్మాయి పాడకూడదు అనడానికి లేదు. బార్ల స్టేజి మీద ఆడవాళ్ళు ఇంతమందే ఉండాలని మహారాష్ట్రలో పెట్టిన షరతునే చెల్లదని 2022లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పాడాలో వద్దో ఆ పిల్ల ఇష్టం, వాళ్ళ నాన్నకు లేని అభ్యంతరం కాలనీకి ఎందుకు?

తాగుడుని ప్రోత్సహిస్తున్నారు అన్న మాట ఒకటి మిగిలింది. పాట ఉంటే ఇంకాసేపు కూర్చుంటారు, ఇంకాస్త తాగుతారు, పైన నేనే రాశాను. కాదనను. ఈ పాట వినాలంటే బార్ తప్ప ఇంకో చోటు లేకుండా చేసింది ఎవరు మరి? 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మందు అమ్మకూడదు, కాబట్టి ఇంటర్, డిగ్రీ పిల్లలు లోపలికి రాకూడదు. సంగీతం మీద పిచ్చి ఉన్న పిల్లలు కొందరు శనివారం పూట ప్రహరీ అవతల ఖాళీ ప్లాటులో బైకుల మీద కూర్చుని వింటుంటారు. ఆడవాళ్ళు ఎట్లాగూ రారు. అదే బ్యాండుకి ఆదివారం సాయంత్రం ఒక పార్కులోనో కాలేజీ గ్రౌండులోనో చోటిస్తే ఆ పిల్లలూ వింటారు, మా ఆవిడ కూడా వస్తుంది, పెద్దాయనా మనవడిని తీసుకుని రావచ్చు. మున్సిపల్ ఆఫీసు వాళ్ళు చేయాల్సింది ఒక కరెంటు పాయింటు, రెండు లైట్లు. మైక్ పర్మిషన్ కాగితం ఎట్లా పెట్టాలో నేను రాసిస్తాను, రోజూ రాసే కాగితమే అది. అక్కడ కూడా ఒట్టి చేతులతో పంపకూడదు, చదివింపుల డబ్బా అక్కడికీ పోతుంది.

మీ పేపర్‌ని కూడా ఒకటి అడగాలని ఉంది. జిల్లా పేజీలో రోజూ నేటి కార్యక్రమాలు అని వేస్తారు కదా, అందులో శనివారం ఎక్కడ ఎవరు పాడుతున్నారో బ్యాండు పేరుతో సహా ఒక లైను వేయండి. బార్ పేరు వేయకపోయినా పర్వాలేదు, అడ్వర్టైజ్‌మెంటు అవుతుందని మీకు ఇబ్బంది ఉంటుంది. వాయించేవాళ్ళ పేరు వేయండి. మంచి పాట పాడితే ఒక ఫోటో వేయండి. విలేకరులు ఎట్లాగూ శనివారం ఆ చుట్టుపక్కలే ఉంటారు (ఇది సరదాకి అన్నాను, కొట్టేయకండి).

ఇక బల్లల అద్దె. మొన్న బుధవారం బార్ ఓనరు దగ్గరికి పోయి చెప్పేశాను, వచ్చే శనివారం నుంచి నా బల్లలకు అద్దె వద్దు, ఆ పైసలు బ్యాండువాళ్ళకు ఇవ్వు, దానికి నీ తరఫున ఎంత కలుపుతావో కలుపు, ఇచ్చినట్టు వాళ్ళ సంతకంతో ఒక చీటీ నాకు చూపించు అని. పెద్ద బాక్సు తీసేసి రెండు చిన్న స్పీకర్లు కూడా నేనే పంపుతాను అన్నాను. పది గంటలకు మా పనివాడు వచ్చి మెయిన్ స్విచ్ తీసేస్తాడు, పాట మధ్యలో ఉన్నా సరే, ఆ మాట కూడా చెప్పాను. ఓనరు ఆలోచిస్తా అన్నాడు. చీటీ రాకపోతే బల్లలు ఆదివారం పొద్దున్నే ఎత్తుకొచ్చేస్తాను, మాఘం పెళ్ళిళ్ళకు ఎట్లాగూ కావాలి. పెద్దాయన ఇంటికి మాత్రం ఈ శనివారం ఎనిమిది గంటలకు నేనే వస్తాను, ఆయన పడకగదిలోనే కూర్చుని బయటి సౌండ్ ఎంత వస్తోందో విందాం, ఎక్కువుంటే అక్కడి నుంచే ఫోన్ చేసి తగ్గించమంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక టెంట్ హౌస్ యజమాని,
నల్లగొండ